మీ నాన్నకు తగ్గింది: ఒక నర్సు, ఒక ‘గెట్’, ఆరు వారాలు

“డోంట్ వర్రీ సార్, యువర్ ఫాదర్ ఈజ్ డిక్రీజ్డ్.”

నేను చెప్పే ఇంగ్లిష్ క్లాసులో మాక్ రోల్‌ప్లే, అంటే పరీక్ష కోసం పాత్రలు వేసి మాట్లాడే సాధన. అందులో నేను పేషెంటు కొడుకును, ఆమె వార్డు నర్సు. ఆమె చెప్పాలనుకున్నది ‘మీ నాన్నకు తగ్గింది’ అని. తగ్గడం అంటే డిక్రీజ్ కదా, అదే వాడింది. ఆ తొందరలో నా చెవిన పడింది మాత్రం ‘డిసీజ్డ్’. అంటే చనిపోయాడని! నేను నిజంగా ఆ కొడుకునై ఉంటే అక్కడే కూలబడేవాణ్ని. సంగతి చెప్పగానే ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తర్వాత ఇద్దరం నవ్వుకున్నాం. నవ్వు ఆగాక అడిగింది: “మరి ఏమనాలె సార్?”

“హీ ఈజ్ గెటింగ్ బెటర్.”

“గెట్ అంటే పొందుట అని కదా సార్ చెప్పిన్రు. బెటర్‌ను పొందుడేంది?”

ఈ కేసు ఆ ప్రశ్నతో మొదలైంది.

ఆమె పేరు ఇక్కడ అవసరం లేదు. దేవరకొండ వైపు ఒక పల్లె. పదో తరగతి దాకా తెలుగు మీడియం, తర్వాత జీఎన్ఎం అనే నర్సింగ్ డిప్లొమా. నల్లగొండలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నాలుగేళ్లుగా స్టాఫ్ నర్సు. ఓఈటీ పాసై బయటి దేశం పోవాలని పట్టుదల. ఓఈటీ అనేది వైద్య రంగంలో పనిచేసేవాళ్ల కోసమే పెట్టిన ఇంగ్లిష్ పరీక్ష. డాక్టర్లు, నర్సులు, ఫార్మసిస్టులు కలిపి 12 వృత్తులకు ఉంది. మాట్లాడే భాగంలో రెండు రోల్‌ప్లేలు ఉంటాయి, ఒక్కోటి దాదాపు 5 నిమిషాలు. ఎదుటి వ్యక్తి పేషెంటుగానో, పేషెంటు తాలూకు మనిషిగానో మాట్లాడతాడు. వ్యాకరణం బట్టీ పట్టి గట్టెక్కే పరీక్ష కాదు.

నాది క్లాక్ టవర్ దగ్గర మేడమీద ఒక్క గది, ఒక బోర్డు, పన్నెండు కుర్చీలు. ఆమె నైట్ డ్యూటీ దిగి, వారానికి మూడు రోజులు పొద్దున తొమ్మిదికి వచ్చేది. కళ్లు మూతలు పడుతుంటే కింద హోటల్ నుంచి చాయ్ తెప్పించేవాణ్ని. ఈ ‘తెప్పించడం’ సంగతి తర్వాత పనికొస్తుంది.

మొదటి వారం నేను చేసిందే తప్పు. నా దగ్గర ఒక పాత షీటు ఉంది. గెట్‌కు ముప్పై అర్థాలు, ఒక్కో అర్థానికి ఒక్కో వాక్యం. పొందు, అందుకొను, చేరు, అగు, కొను, తెచ్చు, అర్థం చేసుకొను, ఎక్కు, దిగు... ఇట్లా పోతుంది. ఏళ్ల తరబడి అదే పంచుతున్నాను. ఆమె రెండు రోజుల్లో మొత్తం అప్పజెప్పింది, ఒక్క తప్పు లేదు. మూడో రోజు, నిన్న డ్యూటీ ఎట్లా గడిచిందో ఇంగ్లిష్‌లో చెప్పమన్నాను.

“ఫీవర్ కేమ్ టు పేషెంట్. రిపోర్ట్ కేమ్ టు మీ. యాంగర్ కేమ్ టు హిస్ సన్.”

అన్నీ వచ్చుడే. ముప్పై అర్థాలు నేర్చిన మనిషి నోట ఒక్క గెట్ కూడా రాలేదు. అప్పుడు నాకు తట్టింది. షీటు ఇంగ్లిష్ మాట దగ్గర మొదలై తెలుగుకు వస్తుంది. ఆమె తెలుగు దగ్గర మొదలై ఇంగ్లిష్‌కు పోవాలి. దేవరకొండ నుంచి నల్లగొండకు రావాల్సిన మనిషికి నేను నల్లగొండలో బస్సెక్కించి దారి చూపిస్తున్నాను.

షీటు పక్కన పెట్టేశాం. రోజూ డ్యూటీ హ్యాండోవర్‌ను, అంటే షిఫ్టు దిగేటప్పుడు తర్వాతి నర్సుకు అప్పజెప్పే సంగతులను, మొదట తెలుగులో చెప్పమన్నాను. పుస్తకం తెలుగు కాదు, తను వార్డులో మాట్లాడే తెలుగు. ఒక రెండు వందల పేజీల నోట్‌బుక్ కొన్నాం. ఎడమ పేజీలో ఆమె మాటలు ఉన్నవి ఉన్నట్టు రాసేవాణ్ని. కుడి పేజీ ఇద్దరం కలిసి నింపేవాళ్లం. మొదటి రోజు ఎడమ పేజీ ఇది:

“మూడో బెడ్డాయనకు రాత్రి జ్వరమొచ్చింది. రెండింటికి ల్యాబ్ రిపోర్టు అందింది. ఆయన కొడుక్కు కోపమొచ్చింది. డాక్టర్ ఫోన్‌ల దొరకలే. పొద్దుగాల్ల వరకు తగ్గింది.”

కుడి పేజీ: “ద మ్యాన్ ఇన్ బెడ్ త్రీ గాట్ ఎ ఫీవర్ లాస్ట్ నైట్. వి గాట్ ద ల్యాబ్ రిపోర్ట్ ఎట్ టూ. హిస్ సన్ గాట్ యాంగ్రీ. ఐ కుడింట్ గెట్ ద డాక్టర్ ఆన్ ద ఫోన్. బై మార్నింగ్ హీ వాజ్ గెటింగ్ బెటర్.”

వచ్చింది, అందింది, దొరకలేదు, తగ్గింది. ఎడమ పక్కన నాలుగు క్రియలు, కుడి పక్కన ఒక్కటే. ఆమె రెండు పేజీలూ చాలాసేపు చూసి, “సార్, అక్కడ ‘కు’ పోయింది” అంది.

అదే కీలకం. ఇన్నేళ్ల పాఠాల్లో నేను ఇంత సూటిగా ఎప్పుడూ చెప్పలేదు. తెలుగులో జ్వరం, కోపం, ఉద్యోగం, రిపోర్టు మనిషి దగ్గరికి వస్తాయి. మనిషి ‘కు’ తగిలించుకొని ఒక పక్కన కూర్చుంటాడు. తగ్గినప్పుడైతే తగ్గిందేమిటో కూడా చెప్పం. ‘నాయనకు తగ్గింది’ అంటే చాలు, రోగమని అందరికీ తెలుసు. ఇంగ్లిష్‌కు ఈ పద్ధతి పడదు. మనిషిని లేపి వాక్యం మొదట్లో నిలబెడుతుంది. నిలబెట్టాక అతని చేత ఏదో ఒకటి చేయించాలి కాబట్టి గెట్‌ను చేతికిస్తుంది. ఆయనకు జ్వరం రాదు, ఆయనే జ్వరాన్ని గెట్ చేస్తాడు.

“అంటే వాళ్లు జ్వరాన్ని కూడ సంపాయించుకుంటరా సార్?”

మాట పుట్టుక చూస్తే ఆమె అన్నదాంట్లో తప్పు లేదు. గెట్ పాత నార్స్ మాట, అంటే స్కాండినేవియా వైపు వైకింగుల భాష, వాళ్లతోనే ఇంగ్లండుకు చేరింది. మొదటి అర్థం దక్కించుకోవడం, చేజిక్కించుకోవడమే. ఫర్గెట్ దీనికి దాయాది. అందులోని ‘ఫర్’ జారిపోవడాన్ని చెబుతుంది. చేజిక్కింది జారిపోతే మరపు. ఇది చెప్పినప్పుడు ఆమె ముఖంలో నిద్ర పోయింది. నాకు ఇట్లాంటి ముచ్చట్ల మీద మోజు ఎక్కువ, పరీక్షకు పనికిరావని తెలిసి కూడా చెబుతుంటాను.

ఈ సూత్రానికి ఒక గట్టు కూడా వేయాల్సి వచ్చింది. ‘కు’ కనబడగానే గెట్ పెట్టకూడదు. ‘నాకు జ్వరం వచ్చింది’ అంటే గెట్ పనికొస్తుంది. ‘నాకు జ్వరం ఉంది’ అంటే హావ్. ‘నాకు ఆకలిగా ఉంది’ అంటే ‘ఐ యామ్ హంగ్రీ’. ఆకలి ఇప్పుడే మొదలవుతుంటే ‘ఐ యామ్ గెటింగ్ హంగ్రీ’. గెట్ ఉన్నచోట ఏదో మారాలి. ఊరికే ఉన్నదానికి అది పనికిరాదు. తలనొప్పి మాటిమాటికీ వస్తోందని పేషెంటు చెబితే ‘ఐ హావ్ బీన్ గెటింగ్ హెడేక్స్’ అంటాడు. ఇది రోల్‌ప్లేలో వినబడే వాక్యమే, విని అర్థం చేసుకోవాలి.

ఇక ‘హావ్ గాట్’ ఒక మోసం. గాట్ కనబడుతుంది, అర్థం మాత్రం ‘ఉంది’. ‘ఐ హావ్ గాట్ టూ బ్రదర్స్’ అని నేను రాస్తే, “ఎక్కడ దొరికిన్రు సార్?” అని అడిగింది.

మూడో వారంలో అసలు నిధి దొరికింది. అన్న పెళ్లి ముచ్చట ఇంగ్లిష్‌లో చెబుతూ, “ఐ స్టిచ్డ్ టూ బ్లౌజెస్” అంది.

“నీకు టైలరింగ్ వచ్చా?”

“నాకెక్కడ వస్తది సార్. కుట్టిచ్చిన.”

“మరి కుట్టిన అన్నవు కదా.”

ఆగింది. కుట్టిన, కుట్టిచ్చిన. నోట్‌బుక్‌లో రెండూ పక్కపక్కన రాసి, మధ్యలో ఉన్న ‘ఇచ్చి’ చుట్టూ సున్నా చుట్టాను. తెలుగులో ఈ తేడా రెండేళ్ల పిల్లకు కూడా తెలుసు. తాగడం, తాగించడం. కట్టడం, కట్టించడం. తేవడం, తెప్పించడం. ఇంత చక్కటి పనిముట్టు మన దగ్గర ఉండి కూడా ఇంగ్లిష్‌లోకి పోగానే ఇంట్లో మరిచి వెళ్తాం. ‘ఐ కట్ మై హెయిర్’, ‘ఐ రిపేర్డ్ మై బైక్’, ‘మై ఫాదర్ బిల్ట్ ఎ హౌస్’ అంటాం. నల్లగొండలో ఎవరూ తప్పుగా అర్థం చేసుకోరు. మేస్త్రీ కట్టాడని అందరికీ తెలుసు.

గెట్ ఇక్కడ మన ‘ఇంచు’ పని చేస్తుంది. ‘ఐ గాట్ టూ బ్లౌజెస్ స్టిచ్డ్.’ గాట్, తర్వాత వస్తువు, తర్వాత క్రియ మూడో రూపం. వస్తువు మధ్యలో కూర్చోవాలి. ఆమె నాలుగైదు రోజులు ‘ఐ గాట్ స్టిచ్డ్ టూ బ్లౌజెస్’ అనేది. దానికి తిట్టలేదు, మధ్యలో వేలు పెట్టి ఆపేవాణ్ని, అంతే.

వార్డులోకి పోతే ఇది పెళ్లి బ్లౌజు అంత తేలిక కాదు. ‘ఐ రిమూవ్డ్ హిస్ స్టిచెస్’ అంటే కుట్లు తనే విప్పింది. ‘ఐ గాట్ హిస్ స్టిచెస్ రిమూవ్డ్’ అంటే వేరేవాళ్ల చేత విప్పించింది. హ్యాండోవర్‌లో పని ఎవరు చేశారన్నది లెక్కే. రేపు ఏమైనా తేడా వస్తే అడిగేది అదే. ఇది చెప్పాక ఆమె ఆ వాక్యాన్ని తేలిగ్గా తీసుకోవడం మానేసింది. పేషెంటుకు చెప్పే సలహాలు కూడా ఇదే అచ్చులో వచ్చాయి: బీపీ చూపించుకోండి, ‘గెట్ యువర్ బ్లడ్ ప్రెషర్ చెక్డ్’. రక్తపరీక్ష చేయించుకోండి, ‘గెట్ యువర్ బ్లడ్ టెస్టెడ్’.

‘ఇంచు’కు రెండో ముఖం ఉంది. వస్తువు కాక మనిషి ఉంటే? “ఐదో బెడ్డు తాతతోని గోలి మింగిచ్చిన” అని ఒకరోజు ఎడమ పేజీలో రాశాను. ఆమె కుడి పేజీలో ‘ఐ మేడ్ హిమ్ టేక్ ద టాబ్లెట్’ అని రాసింది. వ్యాకరణం సరిగానే ఉంది, మాట మాత్రం బరువు. మేడ్ అంటే తాతకు ఇష్టం లేకున్నా మింగించినట్టు వినబడుతుంది. అడిగితే జరిగిందేమిటో చెప్పింది. తాత ముఖం తిప్పుకున్నాడట. మనవరాలి సంగతి అడిగి, మాటల్లో పెట్టి, నీళ్లు చేతికిచ్చి మింగించిందట. అది బలవంతం కాదు, బుజ్జగింపు. ఇంగ్లిష్‌లో దానికి ‘ఐ గాట్ హిమ్ టు టేక్ ద టాబ్లెట్’. తెలుగు ‘మింగించాను’లో బలవంతమూ ఉంటుంది, బుజ్జగింపూ ఉంటుంది. ఏదో గొంతును బట్టి తెలుస్తుంది. ఇంగ్లిష్‌లో క్రియనే మార్చాలి. పేషెంట్లతో ఎట్లా మసలుకుంటుందో చూసే పరీక్షలో ఈ తేడా ఎంత ముఖ్యమో చెప్పక్కర్లేదు. పైగా పని చేసే మనిషి వస్తే మధ్యలో ‘టు’ వస్తుంది, పని చేయించుకునే వస్తువైతే రాదు. నేను రోజూ చాయ్ తెప్పించడాన్ని ఆమె రెండు రకాలుగానూ చెప్పింది. రెండోసారి చాయ్ పోరగాడిని మధ్యలో కూర్చోబెట్టి ‘టు’ మరిచిపోలేదు.

నాలుగో వారం బాగానే నడిచింది. ఐదో వారం దెబ్బ తగిలింది. అది నా వల్లే.

‘పోయింది’తో ముగిసే తెలుగు క్రియలు చాలావాటికి గెట్ సరిపోతుందని చూపించాను. తడిసిపోయాను, ‘ఐ గాట్ వెట్’. తప్పిపోయాడు, ‘హీ గాట్ లాస్ట్’. మోసపోయాను, ‘ఐ గాట్ చీటెడ్’. అలసిపోయాను, ‘ఐ గాట్ టైర్డ్’. మర్రిగూడ వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయనకు ఫ్లోరైడ్ నీళ్ల వల్ల కీళ్లు బిగుసుకుపోయాయని ఆమె చెబితే, ‘హిస్ జాయింట్స్ హావ్ గాట్ స్టిఫ్’ అని రాసుకున్నాం. ఇంత బాగా కుదురుతుంటే నాకూ హుషారొచ్చి, ‘పోయింది’ కనబడితే గెట్ పెట్టెయ్ అన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది.

తర్వాతి క్లాసులో వచ్చి కూర్చుంది, మొహం వాడిపోయి ఉంది. ఎడమ పేజీ అవసరం లేకుండా నేరుగా ఇంగ్లిష్‌లోనే మొదలుపెట్టింది: “సార్, ద తాత ఇన్ బెడ్ ఫైవ్ గాట్ డైడ్.”

చనిపోయాడు. ‘పోయాడు’ ఉంది కదా, గాట్ పెట్టింది. నేను చెప్పిన సూత్రమే. ఆ సమయంలో తప్పు దిద్దడానికి నోరు రాలేదు. ఆ రోజు పాఠం జరగలేదు, చాయ్ తాగి వెళ్లిపోయింది. ఆ తాతను మొదటి నుంచీ తనే చూసుకుందని అప్పటికి నాకు తెలుసు.

రెండు రోజుల తర్వాత నోట్‌బుక్ మళ్లీ తెరిచి, నా సూత్రాన్ని నేనే కొట్టేశాను. పడిపోయాడు, ‘గాట్ ఫాలెన్’ కాదు, ‘ఫెల్ డౌన్’. నిద్రపోయాడు, ‘ఫెల్ అస్లీప్’. చనిపోయాడు, ‘డైడ్’. తేడా ఎక్కడంటే, ఒకరిని మోసం చేయొచ్చు, కాబట్టి వాళ్లు ‘గెట్ చీటెడ్’. ఒకరిని పట్టుకోవచ్చు, కాబట్టి ‘గెట్ కాట్’. కానీ ఒకరిని ‘చావు’ అనే క్రియ చేయలేం. చంపొచ్చు, అప్పుడు ‘గాట్ కిల్డ్’ అంటారు. ఇంకొకరు చేయగలిగే పని అయి ఉండాలి, లేదా వెట్, స్టిఫ్ లాంటి గుణం అయి ఉండాలి. గుణాల్లోనూ అన్నీ కుదరవు. ‘డెడ్’ గుణమే కానీ ‘హీ గాట్ డెడ్’ అనరు. ఎందుకనరు అంటే నా దగ్గర జవాబు ‘అనరు’ అన్నదే. భాషలో కొంత భాగం ఇట్లాగే ఉంటుంది, ఒప్పుకోవాలి.

బస్సు, ఆటోల సంగతి మాత్రం సులువుగా తేలింది. మనం అన్నీ ఎక్కుతాం, అన్నీ దిగుతాం. వాళ్లు బస్సు, రైలు, బైక్ అయితే ‘గెట్ ఆన్’, ‘గెట్ ఆఫ్’. కారు, ఆటో అయితే ‘గెట్ ఇన్’, ‘గెట్ ఔట్’. లోపల నిలబడి నడవగలిగితే, లేదా పైకెక్కి కూర్చుంటే ఆన్. వంగి దూరితే ఇన్. వార్డులో వీల్‌చైర్‌కు ‘గెట్ ఇంటు’, పరీక్ష చేసే మంచానికి ‘గెట్ ఆన్ టు’. పడుకోవడానికి మంచమెక్కితే ‘గెట్ ఇంటు బెడ్’. దేవరకొండ బస్సులో వస్తూ ఇదంతా తనే సాధన చేసుకుంది.

అన్నట్టు గెట్ మన దగ్గర అప్పటికే కాపురం పెట్టింది. గెటప్ అంటే వేషం, పదో తరగతి బ్యాచ్ కలిస్తే గెట్ టుగెదర్. “గెటౌట్ అయితే మా లెక్కల సారు రోజుకొకసారి అనేటోడు” అంది. ఇంగ్లిష్ ‘గెట్ అప్’కు మన గెటప్‌తో పని లేదు, అది పొద్దున నిద్రలేవడం. పేషెంటును మంచం దిగి లేవమన్నా అదే.

ఆరో వారం ఉత్తరాలు మొదలుపెట్టాక ఇంకో చిక్కు. ఓఈటీ రాసే భాగంలో నర్సులు పేషెంటు గురించి సాధారణంగా ఇంకో ఆసుపత్రికో, నర్సుకో ఉత్తరం రాయాలి. కష్టపడి నేర్చిన గెట్ మొత్తం ఆ ఉత్తరంలో దిగింది: ‘గాట్ ఫీవర్’, ‘గాట్ ద రిపోర్ట్’, ‘గాట్ బెటర్’. మాట్లాడేటప్పుడు ముద్దొచ్చే మాట కాగితం మీద చప్పగా, చనువుగా కనబడుతుంది. అక్కడ ‘డెవలప్డ్ ఎ ఫీవర్’, ‘రిసీవ్డ్ ద రిపోర్ట్’, ‘ఇంప్రూవ్డ్’ రావాలి. “నేర్పిచ్చిందీ మీరే, తీసెయ్యిమనేదీ మీరే” అని విసుక్కుంది. న్యాయమైన ఫిర్యాదే. ఇప్పటికీ ఆమె ఉత్తరాల్లో ఒకటో రెండో గాట్‌లు మిగులుతున్నాయి. ఎర్ర పెన్నుతో తీసేస్తున్నాం.

ఆరో వారం చివరి క్లాసులో మొదటి రోల్‌ప్లేనే మళ్లీ పెట్టాను. నేను పేషెంటు కొడుకును. నాన్న ఎట్లా ఉన్నాడని అడిగాను. ఒక క్షణం ఆగింది. ఆ క్షణంలో ‘కు’ తీసేస్తోందని నాకు అర్థమైంది.

“హీ ఈజ్ గెటింగ్ బెటర్, బట్ హీ స్టిల్ గెట్స్ టైర్డ్ ఈజిలీ. వి గాట్ హిమ్ టు సిట్ అప్ దిస్ మార్నింగ్.”

పరీక్ష ఇంకా రాయలేదు. డ్యూటీ మారింది, ఇప్పుడు ఆదివారాలే వస్తోంది. నిదానంగా మాట్లాడితే ‘గాట్ మై హెయిర్ కట్’ అంటుంది. తొందరలో మాత్రం మళ్లీ తన జుట్టు తనే కత్తిరించుకుంటోంది. నోట్‌బుక్‌లో ఎడమ పేజీలు ఇంకా చాలా ఖాళీగా ఉన్నాయి. పోయిన ఆదివారం ‘టేక్’ మొదలుపెట్టాం. మొదటి వాక్యం ‘ఐ టుక్ హిస్ బ్లడ్ ప్రెషర్’ అని రాస్తే, పెన్ను నా చేతిలో ఉండగానే ఆపింది.

“బీపీ మనం చూస్తం కదా సార్. వాళ్లు తీసుకొని ఏం చేస్తరు?”